పాత సిస్టమ్ ఆన్ కాకున్నా అండ్ల ఫోటోలు బయటికి తీయొచ్చు

అన్నా, పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఆన్ అయితలేదు, అక్క పెండ్లి ఫోటోలన్నీ అండ్లనే ఉన్నయ్ అన్నవ్ కదా, పరేషాన్ కాకు, లోపలి మెయిన్ బోర్డు (మదర్‌బోర్డు) పోయినా ఫోటోలుండే హార్డ్ డిస్క్ మంచిగనే ఉండొచ్చు. ముందుగాల డిస్క్ విప్పి వెనక చూడు, రెండు వరుసల్ల 40 పిన్నుల దాక ఉంటే ఐడీఈ అనే పాత రకం కనెక్షన్, సన్నగ ఎల్ ఆకారముంటే సాటా అనే తర్వాతి రకం, దాన్ని బట్టి డిస్క్‌ను ల్యాప్‌టాప్‌కి కలిపే యూఎస్‌బీ కన్వర్టర్ తీస్కో, హన్మకొండల కంప్యూటర్ షాపుల్ల అడుగు. 3.5 ఇంచుల డిస్క్‌కు 12 వోల్టుల అడాప్టర్ గూడ ఉండాలె, ఉత్త యూఎస్‌బీ పవర్ సాలది. ల్యాప్‌టాప్‌కి పెట్టినంక ఫార్మాట్ (అంటే డిస్క్ మొత్తం ఖాళీ చేసుడు) చెయ్యాల్నా అని అడిగితే మాత్రం అస్సలు ఓకే కొట్టకు!! ఫోటోలు ఎక్కువగ డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ ఫోల్డర్ల యూజర్ పేరు మీద ఉంటయి, పర్మిషన్ లేదంటే కంటిన్యూ నొక్కు. డిస్క్‌ల టకటక సప్పుడొస్తే వెంటనే తీసెయ్, మళ్ల మళ్ల ఆన్ చేస్తే ఉన్నయి గూడ పోతయి, గప్పుడు రికవరీ చేసేటోళ్లకే ఇయ్యి.