గరుకు గ్రిట్ దగ్గర తొందరపడకు

అమ్మాయికి, ఆశీస్సులు.

రాళ్లను టంబ్లర్‌లో, అంటే మోటారుతో తిరిగే డబ్బాలో (దాన్నే బ్యారెల్ అంటాం), తిప్పి మెరుగుపెట్టడం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. పాలిష్ అయిన అగేట్‌ని, ఆ చారల రాయిని, వెలుగుకి పట్టి చూసే చివరి భాగం నాకు చాలా నచ్చింది. కానీ అక్కడికి మరీ త్వరగా వచ్చేశావు. గరుకు గ్రిట్ దశ గురించి, అంటే ముతక రాపిడి పొడితో రాళ్లను అరగదీసే మొదటి దశ గురించి, మొత్తం వ్యాసంలో ఉన్నది ఒక్క వాక్యం: ‘మొదటి దశకు ఏడు రోజులు పడుతుంది, ఓపిక కావాలి.’ ఈ ఉత్తరం ఆ వాక్యం గురించే.

ఏడు రోజులనడం తప్పు కాదు. అయితే అది గ్రిట్‌కి సంబంధించిన లెక్క, రాయికి సంబంధించింది కాదు. మొదటి దశలో మనం వేసే 60/90 సిలికాన్ కార్బైడ్ గ్రిట్ (ఈ అంకె పెరిగేకొద్దీ గింజ సన్నబడుతుంది) అగేట్ కంటే చాలా గట్టిది. గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ స్కేల్ మీద అగేట్ 7 దగ్గర ఉంటే ఇది 9 దాటుతుంది. అంత గట్టి గింజలు కూడా వారం తిరిగేసరికి నలిగి బురదలో కలిసిపోతాయి, కోసే పదును పోతుంది. అప్పుడు బ్యారెల్ తెరిచి, అంతా కడిగి, కొత్త గ్రిట్ వేసి మళ్లీ తిప్పాలి. రాయి రెండో దశకు సిద్ధమైందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు క్యాలెండర్‌లో దొరకదు, రాయిని చేతిలోకి తీసుకుని చూడాల్సిందే. నది ఒడ్డున ఏరిన గులకరాయికి ఒక వారం సరిపోవచ్చు. సుత్తితో పగలగొట్టిన ముక్కకు మూడు నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పట్టవచ్చు. గోదావరి గులకల్లో దక్కన్ బసాల్ట్ అనే లావా రాతి నుంచి వచ్చిన అగేట్, జాస్పర్ ముక్కలు దొరుకుతాయి కదా, వాటి అంచులు అరగదీసే పని సగం నదే చేసిపెట్టింది. ఆ తేడా నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

పాఠకుడికి నువ్వు ముందుగా చెప్పాల్సింది ఇది: రాయి ఆకారం తేలేది ఈ ఒక్క దశలోనే. తర్వాత వచ్చే 120/220 గ్రిట్ ఈ దశ మిగిల్చిన గీతల్ని తీస్తుంది. 500 గ్రిట్ దాని గీతల్ని తీస్తుంది. పాలిష్ పొడి మెరుపునిస్తుంది. గుంటను పూడ్చే శక్తి, మొనను గుండ్రం చేసే శక్తి వీటిలో దేనికీ లేవు. మొదటి దశలో వదిలేసిన గుంట చివరిదాకా గుంటగానే ఉంటుంది. పైగా అందులో ఇరుక్కున్న గరుకు గింజ ఒకటి పాలిష్ బ్యారెల్‌లో ఊడిపడితే చాలు, మిగతా రాళ్లన్నింటి మీదా గీతలు పడతాయి. ఓపిక ఎందుకు పట్టాలో ఇంత స్పష్టంగా తెలిస్తే పాఠకుడు తనంతట తానే ఆగుతాడు. ఊరికే ‘ఓపిక పట్టండి’ అంటే ఎవరూ ఆగరు, నువ్వైనా ఆగవు.

ఏం చూడాలో కూడా చెప్పు. ఇక్కడే నీ వ్యాసం నెమ్మదించాలి. తడి రాయి మోసం చేస్తుంది. నీటి పొర గీతల్నీ సన్నటి బీటల్నీ కప్పేసి, అప్పుడే మెరుగుపెట్టినట్టు చూపిస్తుంది. కాబట్టి రాళ్లను కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పగటి వెలుగులో తిప్పి చూడమని చెప్పు. వేలిగోరుతో అంచుల వెంట, గుంటల మీద రాసి చూడమను. గోరు ఎక్కడ తట్టుకుంటే అక్కడ పని మిగిలి ఉన్నట్టే. అన్ని రాళ్లూ ఒకేసారి తయారు కావు. అయినవాటిని తీసి సీసాలో దాచి, ఆ ఖాళీలో కొత్త రాళ్లు వేసుకోవచ్చు. సీసాలో రెండో దశకు సరిపడా చేరాక అవన్నీ కలిపి వేసుకుంటే సరి. నా దృష్టిలో ఈ దశకు ఇంతకు మించిన పద్ధతి లేదు, ఎందుకంటే ఇందులో ఏ రాయినీ తొందరపెట్టక్కర్లేదు.

ఇంకో విషయం. అరిగేకొద్దీ రాళ్లు చిన్నవవుతాయి, బ్యారెల్ వెలితి పడుతుంది. మూడింట రెండు వంతులు నిండి ఉన్నప్పుడు రాళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ అరుగుతాయి. సగానికి తక్కువైతే ఎత్తు నుంచి పడి కొట్టుకుని పెచ్చులూడతాయి. ఈ మార్పు చెవికి తెలుస్తుంది. మెత్తగా ఆగకుండా వచ్చే గరగర పోయి టకటక మొదలవుతుంది. ఆ శబ్దం గురించి చెప్పు, అది నువ్వు రోజూ వింటున్నదే. బురదను సింకులో పోయకూడదనీ చెప్పు. పైపులో పేరుకుని సిమెంటులా గట్టిపడుతుంది. ఆరనిస్తే దుమ్మై లేస్తుంది, ఆ సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

గుజరాత్‌లోని ఖంభాత్ అగేట్ పూసలకు పేరుపడిన ఊరు. ఒకప్పుడు అక్కడ పూసల్ని కురువిందం అనే గట్టి రాతి పొడితో కలిపి తోలుసంచిలో కట్టి, ఇద్దరు మనుషులు అటూ ఇటూ లాగుతూ రోజుల తరబడి దొర్లించేవారు. ఇప్పుడు ఆ పని మోటారు చేస్తోంది. మనకు మిగిలింది కనిపెట్టి చూడటం ఒక్కటే. నీ వ్యాసంలో ఆ చూపు ఉండాలని నా కోరిక. వారానికోసారి బ్యారెల్ తెరిచినప్పుడు ఒకే రాయిని ఎంచుకుని దాని గురించి నాలుగు వాక్యాలు రాసుకో. ఎక్కడ అంచు పోయింది, ఏ గుంట ఎంత మిగిలింది, లోపలి చారలు ఎక్కడ బయటపడ్డాయి. జ్ఞాపకం మీద ఆధారపడకు. వారం కిందటి రాయి ఎలా ఉండేదో రాసి పెట్టుకోకపోతే ఎవరికీ గుర్తుండదు. ‘అద్భుతం’, ‘మాయ’ లాంటి మాటలు తీసేయ్, నువ్వు చూసింది ఉన్నదున్నట్టు రాస్తే వాటి అవసరం ఉండదు.

మొదటి దశకే సగం వ్యాసం పోతుందని టెన్షన్ పడకు, పోనీ. ఇప్పుడు నీ బ్యారెల్‌లో ఉన్న రాళ్లకు ఇంకా అంచులున్నాయని నువ్వే రాశావు. అవి పూర్తయ్యాకే రెండో ప్రతి పంపు. దానితో పాటు ఆ వారాల నోట్సు కూడా పంపు, ముందు అదే చదువుతాను.