ప్రాణాంతక వ్యాధి ప్రబలినప్పుడు ఆంక్షలను జనం ఎందుకు ఎదిరిస్తారు?

వ్యాధి అంటే భయం లేక కాదు, ఆంక్షలు పెట్టేవారిపై నమ్మకం కుదరకపోవడం వల్లా, అవి బతుకుతెరువునూ ఆప్తుల కడచూపునూ దూరం చేయడం వల్లా ఎదిరిస్తారు. 2020లో విజయవాడ కృష్ణలంకను కరోనా కట్టడి ప్రాంతంగా ప్రకటించి దారులు మూసినప్పుడు, రోజుకూలీకి ముందుగా పట్టుకునే బెంగ ఆ పూట పొయ్యి ఎలా వెలుగుతుందన్నదే. బియ్యం, పాలు, మందులు గడపకు చేరితేనే ఇంట్లో ఉండమన్న మాట చెల్లుతుంది.

2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా అనే ప్రాణాంతక వ్యాధి ప్రబలింది. అది మృతదేహాల నుంచి కూడా సోకుతుంది కనుక, శవానికి స్నానం చేయించడాన్ని ఆపి సిబ్బందే ఖననం చేయగా, కొన్ని కుటుంబాలు శవాలను దాచి రహస్యంగా పూడ్చాయి. ఆ నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిని సవరించి, బంధువులు దూరం నుంచి చూసేందుకూ మతపెద్దలు ప్రార్థించేందుకూ చోటిచ్చింది.

చదువు లేనివారే మొండికేస్తారనుకోవడం పొరపాటు. కరోనా మృతుల అంత్యక్రియలను నగరాల్లోనూ అడ్డుకున్నారు.