రాయబారి, రాజప్రతినిధి ఒకటేనా?

సందేహం: మన దేశాన్ని ఏలిన బ్రిటిష్ అధికారి లార్డ్ లిట్టన్ గురించి తెలుగులో చదువుతుంటే ఒకచోట ‘రాయబారి’ అనీ, మరోచోట ‘రాజప్రతినిధి’ అనీ కనిపించింది. రెండూ ఒకటేనా? బ్రిటన్‌లోని కన్సర్వేటివ్ పార్టీవాడు కాబట్టి ‘మితవాది’ అనవచ్చా?

సమాధానం: ఒకటి కాదు. లిట్టన్ రెండు కొలువులూ చేశాడు, తికమక అందుకే.

ఒక ప్రభుత్వం తరఫున ఇంకో ప్రభుత్వం దగ్గరికి వెళ్లి మాట్లాడేవాడు రాయబారి. కృష్ణుడు హస్తినకు వెళ్లింది రాయబారానికి. ఐదూళ్లు అడిగాడు, కౌరవులు ఇవ్వలేదు, తిరిగొచ్చాడు. అక్కడ హుకుం జారీ చేసే అధికారం ఆయనకు లేదు. లిట్టన్ కూడా కుర్రతనంలోనే వాషింగ్టన్‌లో రాయబారిగా ఉన్న పెదనాన్న హెన్రీ బుల్వర్ దగ్గర పని మొదలుపెట్టి, తర్వాత యూరప్ రాజధానుల్లో చాలా ఏళ్లు గడిపాడు. 1876 నాటికి లిస్బన్‌లో ‘మినిస్టర్’. దీన్ని ‘మంత్రి’ అని తెలిగించిన వాళ్లున్నారు, అది తప్పు. అప్పట్లో అంబాసిడర్ కన్నా ఒక మెట్టు కిందున్న రాయబారి హోదా అది.

ఆ ఏడాదే బ్రిటన్ ప్రధాని డిజ్రేలీ అతణ్ణి వైస్రాయిగా ఇండియాకు పంపాడు. ఇది రాయబారం కాదు, ఏలుబడి. విక్టోరియా మహారాణి బదులు పాలించినవాడు కాబట్టి ‘రాజప్రతినిధి’. (ఉన్నది రాణి కదా అనకండి, ఇక్కడ ‘రాజ’ అంటే ఏలే కిరీటం.) రాయలసీమ ధాత నామ సంవత్సరపు కరువుతో అల్లాడుతుంటే 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిపించిందీ, 1878లో దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టం తెచ్చిందీ ఈ హోదాలోనే. అదే ఏడు కాబూల్‌కు ఒక రాయబారం పంపితే అఫ్గాన్లు ఖైబర్ కనుమలోనే వెనక్కి తిప్పేశారు, యుద్ధం మొదలైంది. రాయబారం పంపినవాణ్ణి రాయబారి అనం కదా!

1880లో డిజ్రేలీ ఓడిపోగానే లిట్టన్ రాజీనామా చేశాడు. మళ్లీ కన్సర్వేటివ్ ప్రభుత్వమే 1887లో అతణ్ణి పారిస్‌కు అంబాసిడర్‌గా పంపింది, 1891లో అక్కడే చనిపోయాడు. ఆ నాలుగేళ్లకు ‘రాయబారి’ సరైన మాట.

ఇక ‘మితవాది’. పత్రికలు రైటిస్టుకు ఈ మాట వాడుతున్నాయి, నిజమే. కానీ మన చరిత్ర పుస్తకాల్లో మితవాదులంటే గోఖలే లాంటి కాంగ్రెస్ నాయకులు. గోఖలేనూ లిట్టన్‌నూ ఒకే మాటతో పిలిస్తే చదివేవాడు ఏమనుకోవాలి? ‘ఛాందసుడు’ అన్నా కుదరదు, అది మనిషి తీరు చెప్పే మాట. ‘కన్సర్వేటివ్’ అన్నది ఇక్కడ పార్టీ పేరు కాబట్టి అలాగే ఉంచండి.