దుబాయిలో అరబిక్-ఇంగ్లిష్ ద్విభాషా పాఠశాల: సీటు తీసుకునే ముందు ఏం అడగాలి?

మీ పాపకు నాలుగేళ్లు, ఇంట్లో మాట్లాడేది తెలుగు, దుబాయిలో ఇంకో పదేళ్లయినా ఉండే ఉద్దేశం ఉంది. మామూలు బ్రిటిష్ కరిక్యులం స్కూల్లో చేర్చాలా, అరబిక్-ఇంగ్లిష్ రెండింటిలోనూ బోధించే ఇంటర్నేషనల్ స్కూల్లో చేర్చాలా అన్నది మీ ప్రశ్న. మా పిల్లలిద్దరూ రెండో రకం బడిలోనే చదువుతున్నారు. అమ్మాయి కేజీలో చేరింది; అబ్బాయి అంతకుముందు ఇండియన్ స్కూల్లో చదివి నాలుగో తరగతిలో అక్కడికి మారాడు. బడి ఒక్కటే అయినా ఇద్దరికీ దక్కిన చదువు ఒక్కటి కాదు. అలా ఎందుకు జరిగిందో వివరిస్తే మీ ప్రశ్నకు చాలావరకు సమాధానం దొరుకుతుంది.

ముందుగా ఒక విషయం. యూఏఈలో ప్రతి ప్రైవేటు పాఠశాలా అరబిక్ బోధించి తీరాలి. అరబ్బేతర పిల్లలకు కూడా అది తొమ్మిదో తరగతి వరకు, అంటే బ్రిటిష్ లెక్కలో ఇయర్ 10 వరకు, తప్పనిసరి సబ్జెక్టు. కనుక "మా దగ్గర అరబిక్ చాలా బాగా నేర్పుతాం" అన్న మాట ద్విభాషా పాఠశాలకు గుర్తు కాదు. నలభై నిమిషాల పీరియడ్లు వారానికి నాలుగు, ఏడాదికి ముప్ఫయ్యారు వారాలు అనుకుంటే ఏడాదికి 96 గంటలు, తొమ్మిదేళ్లకు 864 గంటలు అవుతాయి. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు అరబిక్ నేర్పడానికి పెట్టుకున్న అంచనా 2,200 తరగతి గంటలు. పెద్దల లెక్క పిల్లలకు అచ్చంగా వర్తించదు, నిజమే. అయినా ఇన్నేళ్లు ఇక్కడ చదివిన మన పిల్లల్లో చాలామంది అక్షరాలు కూడబలుక్కుని చదవడం, నాలుగు పలకరింపులు చెప్పడం దగ్గరే ఎందుకు ఆగిపోతున్నారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

అసలైన ద్విభాషా పాఠశాలలో అరబిక్ ఒక సబ్జెక్టుగా మాత్రమే కాక, సైన్సో సోషలో లెక్కలో నేర్చుకునే మాధ్యమంగా కూడా ఉంటుంది. అందువల్ల మీరు అడగవలసిన మొదటి ప్రశ్న: ఏ తరగతిలో, ఏ సబ్జెక్టులు, వారానికి ఎన్ని పీరియడ్లు అరబిక్‌లో జరుగుతాయి? నోటిమాటతో సరిపెట్టుకోకుండా టైమ్‌టేబుల్ చూపించమనండి. రెండో ప్రశ్న ఇంతకన్నా ముఖ్యం, కానీ దాన్ని అడిగేవారు తక్కువ: మా పాపను అరబిక్ 'A' (ఏ) స్ట్రీమ్‌లో పెడతారా, 'B' (బీ) స్ట్రీమ్‌లో పెడతారా? 'A' స్ట్రీమ్ మాతృభాషగా చదివేవారిది, బీ స్ట్రీమ్ అదనపు భాషగా చదివేవారిది. భారతీయ పాస్‌పోర్టు చూడగానే బీలో వేసేయడం పరిపాటి. మా బడిలో తల్లిదండ్రులు కోరితే కేజీ నుంచే 'A'లో కూర్చోనిస్తారు కాబట్టి అమ్మాయి అరబ్ పిల్లల మధ్యనే, ఒకే గదిలో ఉండే ఇద్దరు టీచర్ల దగ్గర, రెండు భాషలూ విని పెరిగింది. అబ్బాయికి ఆ వయసులో 'A' స్ట్రీమ్ అందే అవకాశం లేదు. అరబిక్ సమయం రాగానే వాణ్ని వేరే గదికి పంపేవారు. చెప్పాలంటే, వాడి మట్టుకు అది ఫీజు కాస్త ఎక్కువైన ఇంగ్లిష్ మీడియం బడే.

'A' స్ట్రీమ్ తీసుకుంటే ఎదురయ్యే కష్టాలు కూడా తెలియాలి. పుస్తకాల్లో ఉండే అరబిక్ ఫుస్‌హా, అంటే ప్రామాణిక రూపం. ఈజిప్టు, లెబనాన్, ఎమిరాతీ పిల్లలు ఆటస్థలంలో మాట్లాడేవి వారివారి మాండలికాలు. మనకు గ్రాంథికానికీ వాడుకభాషకూ ఉన్న ఎడం లాంటిదే ఇది, కాకపోతే ఇంకా ఎక్కువ. చిన్న తరగతుల పుస్తకాల్లో హ్రస్వ అచ్చులను సూచించే గుర్తులు అక్షరాలపైనా కిందా ఉంటాయి. పై తరగతులకు వెళ్లేకొద్దీ అవి మాయమవుతాయి, అప్పటి నుంచి పదం ముందే తెలిసి ఉంటే తప్ప సరిగా చదవలేరు. ఇంట్లో అరబిక్ వినని పిల్లలు అక్కడే వెనకబడతారు. మా అమ్మాయికి ఆ దశలో ఎక్కువగా పనికొచ్చినవి స్పేస్‌టూన్ అనే అరబిక్ పిల్లల చానల్లో వచ్చే, ఫుస్‌హాలో డబ్బింగ్ చేసిన కార్టూన్లు. ట్యూషన్ ఆ తర్వాతే. కొత్త భాషలో మాట్లాడటం రెండేళ్లలో వచ్చినా, ఆ భాషలో పాఠాలు చదివి అర్థం చేసుకునే స్థాయికి ఐదు నుంచి ఏడేళ్లు పట్టవచ్చని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ చెప్పారు. రెండో ఏడాది మార్కులు చూసి బడి మార్చాలన్న ఆలోచన వచ్చినప్పుడు ఈ మాట గుర్తుంచుకోవడం మంచిది.

దుబాయి ప్రైవేటు పాఠశాలలను పర్యవేక్షించే కేహెచ్‌డీఏ తన వెబ్‌సైటులో తనిఖీ నివేదికలు ఉంచుతుంది. అందరూ పైన ఉన్న 'అవుట్‌స్టాండింగ్', 'వెరీ గుడ్' అన్న మొత్తం రేటింగు చూసి ఊరుకుంటారు. లోపల మాతృభాషగా అరబిక్‌కు, అదనపు భాషగా అరబిక్‌కు వేర్వేరు వరుసలు ఉంటాయి, అవి చదవండి. ఇంగ్లిష్, సైన్సుల్లో పై మెట్టున ఉన్న బడి అదనపు అరబిక్‌లో 'యాక్సెప్టబుల్' దగ్గర ఉండటం అరుదేమీ కాదు. నివేదిక ఏ సంవత్సరానిదో కూడా గమనించండి. 2024-25లో సాధారణ పూర్తిస్థాయి తనిఖీలు నిలిపివేశారు కాబట్టి మీకు దొరికేది కొంచెం పాతది కావచ్చు.

బడి చూడటానికి వెళ్లినప్పుడు స్విమ్మింగ్ పూల్ కన్నా ముందు, మూడో తరగతిలో ఉన్న ఒక అరబ్బేతర పిల్లవాడి అరబిక్ నోటుబుక్కు, పేరు కప్పేసి అయినా, చూపించమని అడగండి. బోర్డు మీది వాక్యాలు ఎక్కించుకోవడమేనా, సొంతంగా ఒక పేరా రాయగలుగుతున్నాడా అన్నది భాష రాకపోయినా మనకు తెలిసిపోతుంది. అరబిక్ హోంవర్కులో తల్లిదండ్రులు సాయపడలేని ఇళ్ల కోసం ఏం ఏర్పాటు ఉందో, అరబిక్ టీచర్లు ఏడాదికేడాది మారిపోతున్నారా అన్నదీ అడగండి. ఇస్లామిక్ స్టడీస్ ముస్లిం పిల్లలకే తప్పనిసరి. అయితే 'A' స్ట్రీమ్ అరబిక్ పాఠాల్లో మతపరమైన భాగాలు సహజంగానే వస్తాయి, అందుకు మీరు సిద్ధంగా ఉండాలి.

మూడో భాష బరువవుతుందని ఇంట్లో తెలుగు మానేయమని సలహా ఇచ్చేవారు తారసపడతారు. వినకండి. బడిలో తెలుగు రాయడం ఎలాగూ ఉండదు, మాటైనా ఇంట్లోనే నిలవాలి.

ఇక మీ విషయానికి వస్తే, మూడు నాలుగేళ్లలో ఇండియా వెళ్లిపోయేవారికి నేను ఈ దారి చెప్పను, సీబీఎస్ఈ స్కూలే మేలు. పదేళ్లకు పైగా ఉండేవారికి, అందునా పై తరగతుల్లో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ కరిక్యులం) ఉన్న బడి అయితే, అరబిక్, ఇంగ్లిష్ రెండింటినీ సాహిత్య స్థాయిలో చదివి బైలింగ్వల్ డిప్లొమా అందుకునే వీలుంటుంది. మీ పాప వయసు ఇందుకు సరిగ్గా సరిపోతుంది. బడివారు 'A' స్ట్రీమ్‌లో సీటు ఇస్తామని రాతపూర్వకంగా చెబితే చేర్చండి; బీలోనే పెడతామంటే, అదనపు అరబిక్‌లో మంచి రేటింగు ఉన్న మామూలు బ్రిటిష్ స్కూలు తీసుకుని మిగిలే ఫీజు డబ్బుతో ఇంటికి ఒక అరబిక్ టీచరును పెట్టుకోండి.