3.8 నుంచి కదిలే ముందు: పెద్దమ్మ ఉత్తరం

నాన్నా,

మీ ఆఫీసు కోడ్‌ని పైథాన్ (ప్రోగ్రాములు రాసే భాష) 3.8 నుంచి 3.13కి మార్చే సంగతి వస్తే, "వెర్షన్ నంబరు మార్చడమేగా పెద్దమ్మా, రెండ్రోజుల పని" అన్నావు నిన్న. అప్పటికి నవ్వి ఊరుకున్నాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్లో చెప్తే నువ్వు "ఊఁ ఊఁ" అంటూ వేరే పని చేసుకుంటావు. అందుకే రాస్తున్నా.

పైథాన్ 3.8కి 2024 అక్టోబరుతో సెక్యూరిటీ సవరణలు కూడా ఆగిపోయాయి. కాబట్టి మీ మేనేజరు తొందరపెట్టడంలో తప్పు లేదు. మా కాలంలో 2 నుంచి 3కి మారడం ఒక పెద్ద యాగం. 3.0 వచ్చింది 2008 డిసెంబరులో. 2.7ను 2015లో సాగనంపుదామనుకున్నారు, జనం కదలకపోయేసరికి గడువు 2020కి జరిపారు. మేమూ ఆ గడువు నెత్తిమీదికొచ్చాకే కదిలాం. ఇప్పుడు అంత యాగం లేదు. ఏడాదికో వెర్షను వస్తుంది, ఒక్కోదానికి ఐదేళ్ల ఆయుష్షు. అంటే నీకిది ఆవకాయ పెట్టడం లాంటిది, ఏటా ఉండేదే. ఇప్పుడే చేతికి అలవాటు చేసుకో.

ముందు నా ఒక్క రూపాయి గొడవ విను. బిల్లింగ్ కోడ్‌లో మొత్తాన్ని వాయిదాలుగా విడగొట్టే చిన్న ఫంక్షన్ ఉండేది. వెయ్యిని మూడుతో భాగిస్తే పాత పైథాన్ 333 ఇచ్చేది, శేషం 1ని చివరి వాయిదాకి కలిపేవాళ్లం. 333, 333, 334. లెక్క సరి. పైథాన్ 3లో అదే భాగహారం 333.33 ఇస్తుంది. శేషం కలిపే లైను మాత్రం ఎప్పట్లాగే ఇంకో రూపాయి కలిపింది. మొత్తం 1001! ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి, ఎందుకంటే టెస్టు రాసిన మహానుభావురాలు 900, 1200 లాంటి చక్కగా తెగే అంకెలే పెట్టింది. ఆ మహానుభావురాలిని నేనే. ఒక కస్టమరు ఫోన్ చేసి "అమ్మా, ఈ రూపాయి దేనికి?" అని అడిగితే గానీ మాకు తెలియలేదు.

రెండోది మన తెలుగు తెచ్చిన తంటా. పాత పైథాన్ ఫైల్లో ఉన్న బైట్లను (కంప్యూటర్ దాచుకునే అంకెలను) ఉన్నట్టే చదివి ఉన్నట్టే రాసేది, లోపల ఏముందో దానికి పట్టదు. పైథాన్ 3 అక్షరాలుగా చదువుతుంది. ఎన్‌కోడింగ్ (ఏ బైట్లు ఏ అక్షరమో చెప్పే పద్ధతి) ఏదో నువ్వు చెప్పకపోతే మెషీన్ని అడుగుతుంది. మన ఆఫీసుల్లో విండోస్ మెషీన్లు మామూలుగా 1252 అనే పాత కోడ్‌పేజీ (ఇంగ్లీషు లాంటి భాషల అక్షరాల పట్టిక, తెలుగు ఉండదు) చెప్తాయి. మాకు కస్టమరుకో ఫైలు ఉండేది. పేరు "రాము" అని ఉన్న ఫైలు దగ్గర ప్రోగ్రాం ఎర్రర్ కొట్టి ఆగింది. "సీత" అని ఉన్నది మాత్రం హాయిగా చదివేసి పిచ్చిగీతలు ప్రింట్ చేసింది. మా ఫైళ్లు రాసిన ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8. అందులో ఉకారపు గుర్తు చివరి బైటుకి ఆ కోడ్‌పేజీలో చోటే లేదు, సీతలో ఉన్న బైట్లన్నిటికీ ఏదో ఒక అక్షరం ఉంది. అదీ తేడా! రాము ఫైల్ని గంటలో సరిచేశాం. సీత సంగతి బయటపడడానికి వారం పట్టింది.

నువ్వు కాచుకోవలసింది సీతల కోసం. ఆగిపోయే కోడ్ నీ చేత ఎలాగూ పని చేయించుకుంటుంది. 3.10లో కలెక్షన్స్ మాడ్యూల్ (పైథాన్‌తోనే వచ్చే కోడ్ ముక్క) నుంచి కొన్ని పాత పేర్లు పోయాయి. 3.12లో డిస్ట్‌యుటిల్స్ అనే మాడ్యూలే పోయింది. 3.13లో సీజీఐ, టెల్‌నెట్‌లిబ్ లాంటివి ఒక్క దెబ్బకి పోయాయి. ఇవన్నీ ఇంపోర్ట్ (మాడ్యూల్ని కోడ్‌లోకి తెచ్చుకునే లైను) దగ్గరో, వాడిన చోటో అరుస్తాయి, వాటి గురించి బెంగ అక్కర్లేదు. అరవనివి వేరు. మీ కోడ్‌లో స్ట్రింగ్ (అక్షరాల వరుస) నుంచి వారసత్వం తీసుకున్న ఈనమ్‌లు (పేరూ విలువా జతగా ఉండే జాబితాలు) ఉన్నాయా? అలాంటిదాన్ని ఎఫ్-స్ట్రింగ్‌లో (విలువలను మధ్యలో పొదిగే వాక్యంలో) పెడితే 3.8లో దాని విలువ వచ్చేది. 3.11 నుంచి క్లాసు పేరు, చుక్క, మెంబరు పేరు వస్తాయి. ఎస్సెమ్మెస్‌లో "చెల్లించారు" అని వెళ్లాల్సిన చోట "స్టేటస్.పెయిడ్" అని వెళ్తుందన్నమాట. అవి తప్పక వెతుకు.

ఇక పని ఎక్కడ మొదలెట్టాలంటే, మీ కోడ్ దగ్గర కాదు, మీరు వాడే లైబ్రరీల (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్) దగ్గర. ఒక్కొక్కటీ 3.13కి వచ్చిందా, ఏ వెర్షన్ నుంచి వచ్చింది అని పట్టిక రాసుకో. రెండు రోజులు దానికే పోతాయి. చాలాసార్లు మన కోడ్ సిద్ధంగానే ఉంటుంది, ఎవరో నాలుగేళ్ల క్రితం వదిలేసిన చిన్న ప్యాకేజీ దారికి అడ్డంగా పడుకుని ఉంటుంది. తర్వాత 3.8 మీదే వార్నింగులను ఎర్రర్లుగా మార్చి టెస్టులు నడుపు. పోబోయే వాటిలో చాలావాటి గురించి పైథాన్ ఏళ్ల తరబడి ముందే చెప్తుంది, వినేవాడు ఉండాలి గానీ. 3.10 నుంచి, ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైలు తెరిచిన చోట్లను పట్టిచూపే వార్నింగు కూడా ఉంది. అడిగితేనే వస్తుంది, అడుగు.

అన్నిటికంటే ముఖ్యం, ఒక నెల నిజం డేటా తీసుకుని పేర్లు మార్చి పాతదాంట్లో, కొత్తదాంట్లో రెండింట్లోనూ నడిపి ఫలితాలు పక్కపక్కన పెట్టు. పేర్లు మార్చేటప్పుడు తెలుగువి తెలుగులోనే ఉంచు, లేకపోతే సీత మళ్లీ తప్పించుకుంటుంది. ఒక్క పైసా తేడా కనిపించినా కారణం రాసిపెట్టుకో. "ఫ్లోటు (దశాంశాల) తేడాలే" అని ఎవరైనా కొట్టిపారేస్తే నా రూపాయి కథ చెప్పు.

చేతులు దురద పెట్టినా ఈ విడతలో కొత్త సదుపాయాలు వాడకు. విలువను బట్టి దారి ఎంచుకునే మ్యాచ్ స్టేట్‌మెంట్ ముద్దొస్తుంది, నాకు తెలుసు. కానీ అది ఒక్కచోట రాశావంటే ఆ కోడ్ మళ్లీ 3.8 మీద నడవదు, రేపు వెనక్కి వెళ్లాల్సొస్తే దారి మూసుకుపోతుంది. కొత్తది ప్రొడక్షన్‌లో ఒక నెల కుదురుకున్నాక నీ ఇష్టం.

మీ సర్వర్లు ఉబుంటు 20.04 అన్నావు కదా, అందులో 3.8 సిస్టమ్‌దే. దాన్ని తీసేయడం, దాని స్థానంలో ఇంకోటి తగిలించడం చెయ్యొద్దు, ఉబుంటు సొంత పనులు దానిమీదే నడుస్తాయి. కొత్తదాన్ని దాని పక్కనే వేరుగా పెట్టి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (ఒక్క ప్రాజెక్టుకే విడిగా కట్టిన గది లాంటిది) నడుపు. ఇంకోటి, యామల్ ఫైళ్లలో (సెట్టింగులు రాసుకునేవి) వెర్షన్‌ని కొటేషన్లలో పెట్టు. కొటేషన్లు లేని 3.10ని అది దశాంశం అనుకుని 3.1గా చదువుతుంది. నవ్వకు, ఆ ఒక్క సున్నా కోసం ఒక మధ్యాహ్నమంతా వెతికాను.

లైబ్రరీల పట్టిక ఆదివారం లోపు పంపు, నేనూ చూస్తాను. మార్చే రోజు మాత్రం నెలాఖరు బిల్లులు దాటాకే పెట్టుకోండి, శుక్రవారం సాయంత్రం అస్సలు వద్దు. మీ అమ్మకి మోకాలు నొప్పి ఎలా ఉందో కూడా రాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ