నొప్పి తగ్గింది కదా, మళ్లీ డోసు ఎందుకు పెంచుతున్నారు?

ప్రశ్న: నా వయసు 37. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఐదు నెలల కిందట రెండు చేతుల వేళ్లు, మణికట్లు వాచాయి. పొద్దున లేస్తే గంటసేపు పిడికిలి పడేది కాదు, జొన్నరొట్టె తట్టలేకపోయేదాన్ని. అనంతపురంలో కీళ్ల డాక్టరు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని చెప్పి మెథోట్రెక్సేట్ మొదలుపెట్టారు. రెండు నెలల్లో నొప్పి సగానికి పైగా తగ్గింది. అయినా డోసు 10 నుంచి 15 మిల్లీగ్రాములకు పెంచి, నెలనెలా రక్తపరీక్ష చేయించుకుని రమ్మంటున్నారు. అది క్యాన్సర్ మందని, లివర్ పోతుందని బంధువులు భయపెడుతున్నారు. ఇక ఆపేయవచ్చా?
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: ఆపకండమ్మా. మీ డాక్టరు సరైన దారిలోనే వెళ్తున్నారు.

ఈ జబ్బులో మన రోగనిరోధక శక్తే కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. పొర వాచి, ఆ వాపు అలాగే ఉండిపోతే పక్కనున్న ఎముకను కొరికేస్తుంది. మొదటి ఒకటి రెండేళ్లలోనే ఈ నష్టం మొదలవుతుంది. ఒకసారి అరిగిన ఎముక తిరిగి రాదు, వంకరపోయిన వేలు మందులతో సాపు కాదు. నొప్పి మాత్రలు బాధను తగ్గిస్తాయి కానీ ఈ కొరుకుడును ఆపలేవు. అందుకే ‘కాస్త నయం’ దగ్గర మేము ఆగం. జబ్బు దాదాపు పూర్తిగా అణగాలి, కనీసం బాగా తక్కువ స్థాయికి రావాలి.

అది వచ్చిందో లేదో లెక్క కట్టే చూస్తాం. భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్ల కణుపులు, మోకాళ్లు కలిపి మొత్తం 28 కీళ్లు. డాక్టరు తన బొటనవేలి గోరు తెల్లబడేంత గట్టిగా ఒక్కోదాన్నీ నొక్కుతారు. నొప్పి పుట్టిన కీళ్లెన్ని, వాచినవెన్ని అని రాసుకుంటారు. జబ్బు ఎంత ఉందో పదికి మీరొక మార్కు, డాక్టరొక మార్కు వేస్తారు. నాలుగూ కూడితే స్కోరు. 2.8 లేదా అంతకంటే తక్కువైతే జబ్బు అణిగినట్టు. 10 వరకు తక్కువ స్థాయి, 22 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం.

ఉదాహరణకు ఇప్పుడు మీకు నొప్పి కీళ్లు 5, వాచినవి 4, మీ మార్కు 3, డాక్టరు మార్కు 3 అనుకుందాం. మొత్తం 15. మీ ప్రాణానికి ఎంతో హాయిగా ఉన్నా, లెక్కలో జబ్బు ఇంకా మధ్యస్థంగానే ఉంది. డోసు పెంచేది ఇందుకే. అన్నట్టు ఈ 28లో పాదాలు లేవు. నడిస్తే అరికాలి ముందుభాగం నొస్తుంటే మీరే నోరు తెరిచి చెప్పాలి.

నెలనెలా బస్సెక్కడం కష్టమే. కానీ దానికి ఫలితం ఉంది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, నెలనెలా స్కోరు చూసి మందు మార్చినవారిలో 65 శాతం మందికి ఏడాదిన్నరలో జబ్బు అణిగింది. మామూలు పద్ధతిలో చూసినవారిలో 16 శాతం మందికే. అప్పట్లో ఇప్పటి ఖరీదైన ఇంజెక్షన్లేవీ వాడలేదు, పాత మందులే. రక్తపరీక్ష మీ దగ్గరలోనే చేయించుకుని రిపోర్టు తీసుకెళ్తే ఒక్క ప్రయాణంతో పని అయిపోతుంది. స్కోరు దిగాక ఇంత తరచుగా వెళ్లనక్కర్లేదు. మూడు నెలలకు మార్పు కనబడకపోయినా, ఆరు నెలలకు లక్ష్యం అందకపోయినా సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ లాంటివి కలుపుతారు, లేదా ఇందాక చెప్పిన ఖరీదైన ఇంజెక్షన్లకు (వీటినే బయలాజిక్‌లు అంటారు) వెళ్తారు.

ఇక ‘క్యాన్సర్ మందు’ సంగతి. క్యాన్సర్‌కు ఇచ్చే డోసు ముందు ఇది చాలా చిన్నది. లివర్‌కు ఇబ్బంది రావచ్చు, నిజమే. రక్తపరీక్ష పెట్టేదే దాన్ని ముందుగా పట్టుకోవడానికి. అసలు ప్రమాదం వేరే ఉంది: ఈ మాత్ర వారానికి ఒక్క రోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో అట్ట మీద పెన్నుతో రాసి పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరికీ చెప్పండి. ఫోలిక్ యాసిడ్ డాక్టరు చెప్పిన రోజున మానకుండా వేసుకోండి. గట్టి జ్వరం, నోటిపూత, పొడిదగ్గుతో ఆయాసం వస్తే ఆ వారం మాత్ర ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి. వేరే జబ్బుకు ఎవరు మందు రాసినా మెథోట్రెక్సేట్ వాడుతున్నానని చెప్పండి. సెప్ట్రాన్ లాంటి సల్ఫా యాంటీబయాటిక్‌లు దీనితో కలవకూడదు.

ఊర్లో ఒక్క సూదికే నొప్పి ఎగిరిపోయిందంటే అది చాలావరకు స్టెరాయిడే. మొదట్లో కొన్ని వారాలు తక్కువ మోతాదులో మేమూ ఇస్తాం, వెంటనే తగ్గించేస్తాం. ఏళ్ల తరబడి వాడితే షుగరు, ఎముకల గుల్లతనం తప్పవు. వంకాయ, దుంపలు మానేయమంటారు చాలామంది. ఆ పథ్యం మీకు అక్కర్లేదు.

మీరు రాయని విషయం ఒకటుంది. ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఇప్పుడే డాక్టరుకు చెప్పండి. గర్భంలో ఈ మందు బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి కొన్ని నెలల ముందే ఆపి వేరే మందుకు మార్చాలి. అంతవరకు గర్భం రాకుండా జాగ్రత్త పడాలి.