పాత 407 డీజిల్ పంపు కారుతుంటే సీళ్లు మనమే మార్చుకోవచ్చా?

మీరు రాసింది ఇదీ: పాత టాటా 407, రోటరీ పంపు (ఒకే హెడ్డులోంచి అన్ని నాజిల్లకూ డీజిల్ పంచేది). పంపు కింద ఎప్పుడూ తడే. రాత్రంతా నిలిపితే పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొడితే గాని బండి అందుకోదు. మెకానిక్ పంపే మార్చేయమన్నాడు. సీళ్లు మారిస్తే సరిపోదా, ఆ పని మనమే చేసుకోవచ్చా అని అడిగారు.

చాలా కేసుల్లో సరిపోతుంది. కాకపోతే పానా పట్టేముందు ఎక్కడ కారుతోందో తేల్చుకోండి. గుంటూరు యార్డుకు మిర్చి తోలిన 407 ఒకటి మాకు చాలా ఏళ్లు ఉండేది. దానికీ రోటరీ పంపే, ఇదే జబ్బు. మొదటిసారి పంపంతా డీజిల్‌తో తడిసి ఉంటే ఇంకేముంది, పెద్ద ఖర్చే అనుకున్నాం. తీరా చూస్తే పైన యాక్సిలరేటర్ లివర్ షాఫ్ట్ దగ్గర చిన్న ఓరింగ్ (గుండ్రటి రబ్బరు సీలు) పోయింది. దానికోసం పంపు దించక్కర్లేదు. దించాల్సిన అవసరం తర్వాతెప్పుడో వచ్చింది, అది హెడ్ ఓరింగ్ పోయినప్పుడు.

పంపును బ్రష్‌తో, శుభ్రమైన డీజిల్‌తో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టండి. తర్వాత మొహానికి రాసుకునే పౌడరే దానిమీద పల్చగా చల్లి, బండి కదలకుండా ఇంజన్‌ను స్లోలో నడవనివ్వండి. డీజిల్ కిందికే జారుతుంది కాబట్టి అడుగున తడి చూసి అడుగునే లీకు అనుకోకూడదు. పౌడర్ మీద మొట్టమొదట నల్లబడే చోటే అసలు లీకు. రోటరీ పంపులో అది సాధారణంగా లివర్ షాఫ్ట్ దగ్గరో, పై మూత గ్యాస్కెట్ దగ్గరో, నాజిల్ పైపులు బిగించే హెడ్డుకూ బాడీకీ మధ్యనో, పక్కనున్న అడ్వాన్స్ (టైమింగ్‌ను ముందుకు జరిపే భాగం) మూతల దగ్గరో ఉంటుంది. రిటర్న్ పైపు రాగి వాషర్లు కూడా చూడండి. వాషర్‌తో పోయేదానికి పంపు మార్చుకున్నవాళ్లు ఉన్నారు. ఇంజన్ నడుస్తుండగా నాజిల్ పైపుల దగ్గర మాత్రం వేలు పెట్టి వెతకొద్దు. ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. చూడ్డానికి సూది గుచ్చినట్టే ఉన్నా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాల్సిన గాయం అది.

పొద్దున స్టార్ట్ కాకపోవడం కూడా ఈ లీకు వల్లే కావచ్చు. ఇంజన్ నడిచేటప్పుడు పంపు లోపల ప్రెషర్ ఉంటుంది కాబట్టి డీజిల్ బయటికి వస్తుంది. ఆపాక లైన్లోని డీజిల్ ట్యాంకు వైపు జారి, అదే సందులోంచి గాలి లోపలికి పోతుంది. పంపులోకి వచ్చే లైన్లో ఒక జానెడు పారదర్శకమైన గొట్టం తాత్కాలికంగా పెట్టి పొద్దున్నే చూడండి. గాలి బుడగలుంటే కనిపిస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆయిల్ గేజీ తీసి చూడండి. ఇంజన్ ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి, పల్చబడి, డీజిల్ వాసన వస్తుంటే పంపు షాఫ్ట్ సీల్ పోయినట్టు అనుమానించాలి. ఆ డీజిల్ బయటికి కనపడదు, నేరుగా టైమింగ్ కేసులోంచి (ఇంజన్ ముందు గేర్లుండే పెట్టె) అడుగున ఆయిల్ నిలిచే చాంబరులోకి దిగుతుంది. అలాంటి ఆయిల్‌తో బండి నడిపితే బేరింగులు పోతాయి. బయటి లీకుతో నెల రోజులు నెట్టుకురావచ్చు గాని దీనితో ఒక్క ట్రిప్పు కూడా వద్దు.

ఇన్నేళ్లు కారని పంపు ఇప్పుడెందుకు కారుతోంది అంటే, వయసు ఒక కారణం, డీజిల్ మారడం ఇంకో కారణం. బీఎస్-3 (పాత కాలుష్య ప్రమాణం) డీజిల్లో సల్ఫర్ 350 పీపీఎం (పది లక్షల్లో 350 వంతులు) దాకా ఉండేది. 2017 ఏప్రిల్‌కల్లా దేశమంతా 50కి, 2020 ఏప్రిల్ నుంచి 10కి దిగింది. సల్ఫర్ తీసే క్రమంలో డీజిల్లోని ఆరోమాటిక్స్ అనే రసాయనాలు కూడా తగ్గుతాయి. పాత నైట్రైల్ రబ్బరు వాటిని పీల్చుకుని ఉబ్బి సందు మూసి ఉంచుతుంది, అవి తగ్గితే ముడుచుకుపోతుంది. అమెరికాలో 1993లో సల్ఫర్ తగ్గించినప్పుడు పాత డీజిల్ బండ్లకు అక్కడా ఇదే గొడవ వచ్చింది. అందుకే కిట్ కొనేటప్పుడు వైటాన్ (నైట్రైల్ కాని వేరే రకం రబ్బరు) సీళ్లున్నదే అడగండి. కొట్టుకు వెళ్లేముందు పంపు మీది నేమ్‌ప్లేట్ నంబరు ఫొటో తీసుకోండి. 407లన్నీ ఒకటి కావు, కొన్నిటికి రోటరీ, కొన్నిటికి వరస పంపు (సిలిండర్‌కొకటి చొప్పున ప్లంజర్లు వరసగా ఉండేది). 407 అంటే ఏ కిట్టో ఒకటి చేతిలో పెడతారు. విజయవాడ ఆటోనగర్ కొట్లలోనైనా అంతే, నంబరు చెబితేనే సరైనది వస్తుంది.

ఇక దించడం. ముందు బ్యాటరీ తీగ తీసేయండి. ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్ మీద టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటుకు) తెచ్చి, పంపు ఫ్లాంజి (ఇంజన్‌కు బిగించే అంచు) మీదుగా ఇంజన్ మీదికి సన్న ఉలితో ఒకే గీత గీయండి. పెయింటు గీత డీజిల్‌కు చెరిగిపోతుంది. గేరు పళ్లకు కూడా గుర్తు ఉండాలి. నాజిల్ పైపులు విప్పి, తెరిచిన ప్రతి కన్నానికీ మూత పెట్టండి. మూతలు లేకపోతే పాలిథిన్ కవరు, రబ్బరు బ్యాండు చాలు. గేరు నట్టు విప్పేటప్పుడు కింద గుడ్డ కూరండి, నట్టో వాషరో షాఫ్ట్ మీది అర్ధచంద్రం కీయో టైమింగ్ కేసులో పడిందంటే చాంబరు దించాల్సి వస్తుంది. షాఫ్ట్ గేరులోంచి పుల్లర్‌తోనే రావాలి. సుత్తితో కొట్టి దించే మెకానిక్‌లు ఉన్నారు, వాళ్లకు పంపు ఇవ్వకండి.

బెంచీ మీద పై మూత విప్పే ముందు, లివర్ షాఫ్ట్ మీద ఏ పల్లుకు కూర్చుందో గీత పెట్టుకోండి. ఒక్క పల్లు తేడా వచ్చినా స్లో, పికప్ రెండూ మారిపోతాయి. మూత ఎత్తేటప్పుడు అమాంతం లాగొద్దు, లోపల గవర్నర్ (ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే భాగం) స్ప్రింగ్ షాఫ్ట్‌కు తగిలించి ఉంటుంది. లివర్‌ను పట్టుకుని పక్కలకు ఊపి చూడండి. ఊగుతుంటే బుష్ అరిగినట్టు, కొత్త ఓరింగ్ వేసినా ఎక్కువ కాలం నిలవదు. వెనక ఉండే ఫుల్‌లోడ్ స్క్రూను (గరిష్ఠంగా ఎంత డీజిల్ వెళ్లాలో నిర్ణయించేది) మాత్రం ముట్టుకోవద్దు.

షాఫ్ట్ సీల్ పంపు విప్పకుండానే ముందునుంచి మార్చొచ్చు, షాఫ్ట్‌కు గీత పడకుండా చూసుకుంటే. కొత్త సీల్ ఎక్కించేటప్పుడు కీ గాడి అంచు బ్లేడులా ఉంటుంది. గాడి మీద పల్చటి ప్లాస్టిక్ చుట్టి, డీజిల్ రాసి, దాని మీదుగా జార్చండి. ఇది చేయకపోతే సీల్ పెదవి తెగి, పంపు బిగించాక గాని తెలియదు. గ్యాస్కెట్ పేస్టు ఎక్కడా వాడొద్దు, ముక్క ఊడితే నాజిల్లో ఇరుక్కుంటుంది. పాత బనియన్ గుడ్డ కూడా వద్దు, పోగులు పోతాయి.

హెడ్ ఓరింగ్ దగ్గర నా మాట వేరు. బండి మీదే నాలుగు బోల్టులు వదులు చేసి, హెడ్ కాస్త వెనక్కి లాగి ఓరింగ్ మార్చే వీడియోలు చాలా ఉన్నాయి. కొందరికి కుదురుతుంది. కాని హెడ్ ఎక్కువ వెనక్కి వస్తే లోపల ప్లంజర్ (డీజిల్‌ను నెట్టే కడ్డీ), షిమ్ములు (సన్న రేకు వాషర్లు) కదులుతాయి, గవర్నర్ లివర్ గుండు స్లీవ్ కన్నంలోంచి జారుతుంది. చూడకుండా అలాగే బిగిస్తే ఇంజన్ అసలు స్టార్ట్ కాదు, లేదా స్టార్ట్ అయ్యి కంట్రోల్ తప్పి అరుస్తుంది. మాది దించి, షాఫ్ట్ కిందికి ఉండేలా నిలబెట్టి, మాకు తెలిసిన పంపు మెకానిక్ ముందు కూర్చుని విప్పించాం. క్యాలిబ్రేషన్ బెంచీ ఉన్న షాపుకు ఆ పని ఒక్కటీ ఇవ్వడం తప్పు కాదు. దించడం, ఎక్కించడం మీరే చేసుకుంటే ఖర్చు చాలావరకు తగ్గుతుంది.

ఎక్కించాక గీతలు కలపండి. పంపును చేతనైనంత శుభ్రమైన డీజిల్‌తో నింపి, హ్యాండ్ పంపు కొడుతూ బుడగలు పోయేదాకా గాలి తీయండి. తర్వాత నాజిల్ల దగ్గర నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టండి, డీజిల్ చిమ్మగానే బిగించండి. ఒకేసారి పదిహేను సెకన్లు మించకుండా, మధ్యలో సెల్ఫ్ చల్లారనివ్వాలి. స్టార్ట్ అయ్యాక తెల్లపొగ తగ్గకపోతే టైమింగ్ వెనకబడినట్టు, గట్టిగా టకటకమంటే ముందుకు పోయినట్టు. ఆ చిన్న తేడాను చెవితో సరిచేయాలని చూడకండి. డయల్ గేజితో ప్లంజర్ లిఫ్ట్ చూసి మీ ఇంజన్‌కు ఇచ్చిన కొలతకు కలిపేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.